చూపరుల పండుగ, ఆటగాళ్ల పస్తు

ఫుట్‌బాలు శ్రామికుల ఆట. కాబట్టి ఫుట్‌బాలు పేర నగరంలో జరిగే పండుగ కూడ శ్రామికుల పండుగే – ఈ వాదం ఈమధ్య మన అభ్యుదయ మిత్రుల నోటనే వినవస్తున్నది. 2025 డిసెంబరు 13న హైదరాబాదులో, ఉప్పల్ స్టేడియంలో మెస్సీ దర్శనోత్సవం జరిగింది. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి పోయివచ్చిన విద్యార్థులు కొందరు ఆ మాటనే మరింత ఉత్సాహంతో చెప్పారు. వేలమంది ఒక్క గొంతుతో కేకవేస్తే అందులో సామూహిక చైతన్యం లేదా అని వారి ప్రశ్న.

వారి ఉత్సాహాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. మనలో మరొక రకం పండితులున్నారు: ఆట అనగానే మత్తుమందని కొట్టివేస్తారు, రాత్రి రెండు గంటలదాకా టెలివిజను ముందు కూర్చునేదీ వారే. వారితో నాకు పేచీ లేదు, వారి మాట ఎవరూ నమ్మరు గనుక. ఆరుబయట నలుగురితో కలిసి ఆట చూడటం మంచి సంతోషం. ఆ సంతోషాన్ని ఎవరు, ఏ షరతులమీద, ఎంతకు అమ్ముతున్నారన్నదే ప్రశ్న.

హైదరాబాదు చరిత్ర చూడండి. 1943 నుంచి 1963లో మరణించేవరకు అక్కడి ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శిగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఒకనాటి బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. కుర్రవాళ్లు తమ బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు కూడ ఆయన పెట్టేవారు. ఇంతకంటె గొప్ప విద్యావిధానం మన ఉపాధ్యాయులకు వేరే కావాలా?

అదే నగరంలో ఇప్పుడు జరిగిందేమిటి? 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచిన హైదరాబాదు జట్టు, ఆటగాళ్లకు జీతాలందక చెదిరిపోయింది, చేతులు మారింది, చివరకు 2025 అక్టోబరులో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఆ తర్వాత రెండు నెలలకు మెస్సీ వచ్చాడు. దేశంలోని అగ్రశ్రేణి లీగు అప్పటికి మొదలే కాలేదు. ఉత్సవం జరిగిన మైదానం సైతం క్రికెట్టుదే! ముఖ్యమంత్రి లాగూ తొడిగి బంతి తన్నారు. మెస్సీ పక్కన నిలబడి ఫొటో దిగటానికి దాదాపు 10 లక్షల రూపాయలు ధర కట్టారు. బడికి 10 వేల చొప్పున ఆ ఒక్క ఫొటో ఖరీదుతో 100 బడులకు బంతులూ వలలూ వస్తాయి.

అదేరోజు కలకత్తాలో వేలకు వేలు పెట్టి టికెట్లు కొన్నవారికి మెస్సీ సరిగా కనబడనైనా లేదు. చుట్టూ మంత్రులు, ప్రముఖులు మూగారు. కాసేపటికే ఆయన వెళ్లిపోయాడు. కుర్చీలు విరిగి మైదానంలో పడ్డాయి. దీనిని అల్లరి అని తీసిపారేయవచ్చు. కాని ఆ పర్యటన మొత్తంలో జనం తమ సొంత మాట చెప్పింది ఆ ఒక్క గడియలోనే.

ఈ జబ్బు మన దేశానికే పరిమితం కాదు. 2022 ప్రపంచ కప్పు సందర్భంలో ఖతార్ రాజధాని దోహాలోని అల్ బిద్దా ఉద్యానంలో పెద్ద తెరలు కట్టి, 40 వేలమందికి అభిమానుల పండుగ చేశారు. అక్కడ ఒక గ్లాసు బీరు 50 రియాళ్లు. ఆ దేశంలో కార్మికుడి కనీస మూలవేతనం నెలకు 1000 రియాళ్లు. అనగా ఇరవై గ్లాసులకు ఒక నెల చాకిరి! ఆ స్టేడియాలు కట్టిన వలస కూలీలకు ఊరి చివర, ఏషియన్ టౌన్ క్రికెట్ మైదానంలో వేరే తెర కట్టారు. తెలంగాణ నుంచి, మన రాయలసీమ నుంచి గల్ఫుకు పోయిన కుటుంబాలెన్నో ఉన్నాయి. తెర ఎవరికి ఎక్కడ కడతారో వారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే చూపరుల పండుగలన్నీ ఇంతేనా? మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. అక్కడ బరి చుట్టూ నిలబడ్డ రైతుకు పాలపళ్ల జత ఏదో, సీనియర్ విభాగం జత ఏదో చూపుతోనే తెలుసు. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో నోటిలెక్క కడతాడు. మరునాడు తన కొట్టంలో ఎద్దు మేత గురించి ఆలోచిస్తాడు. ఇది ఆదర్శమని నేననను. బహుమతులిచ్చేది ఊరి పెద్దలే, మైకులో మోగేది వారి పేర్లే. ముఠా పలుకుబడి ఆ బరి చుట్టూ కూడ తిరుగుతుంది. ఎద్దు వీపున పడే చర్నాకోల దెబ్బను కూడ మరవరాదు. అయినా చేసేవానికీ చూచేవానికీ మధ్య ఒక తాడు అక్కడ ఇంకా తెగలేదు. నగరపు పండుగ మొదట తెంపేది ఆ తాడునే. నిన్ను ఆటగాడి వారసుడిగా కాక, టికెట్టు కొన్నవాడిగా మాత్రమే అది గుర్తిస్తుంది.

ఉప్పల్ వెళ్లివచ్చిన కుర్రవాణ్ణి ఒకణ్ణి అడిగాను: "సరే నాయనా, నువ్వు సాయంత్రం ఎక్కడ ఆడతావు?" తన కళాశాల మైదానంలో ఎగ్జిబిషను దుకాణాలు వేశారనీ, అవి పోయాక గుంటలు మిగులుతాయనీ, అక్కడ ఆడి చాలా రోజులైందనీ చెప్పాడు. వాడి ఒంటిమీద మెస్సీ పేరున్న చొక్కా ఉన్నది.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కార్యాలయం వచ్చింది, బోర్డులు మారాయి. ఇక విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు కలిసి ఒక పని చేయవచ్చు. నంద్యాలలోను ఆళ్లగడ్డలోను బడులకు, కళాశాలలకు ఉన్న మైదానాలెన్ని, సంవత్సరంలో ఎన్ని రోజులు వాటిని సభలకు, దుకాణాలకు ఇస్తున్నారు, ఆ అద్దె ఎవరి ఖాతాకు పోతున్నది, వ్యాయామ ఉపాధ్యాయుల ఉద్యోగాలు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఆడపిల్లలకు సాయంత్రం మైదానంలో చోటు ఉన్నదా లేదా – ఇవి ఊరూరా తిరిగి రాసుకొని, ఆ పట్టికను మునిసిపల్ కమిషనర్ల బల్లలమీద పెట్టాలి. అడగటానికి టికెట్టు అక్కరలేదు.