లెక్క చెప్పారు, రుజువేదీ?

మేముండేది కోల్‌కతాలో. మా వీధి చివర బడి గోడకి ఒక ఫిర్యాదుల పెట్టె ఉంది. దాని తాళం తుప్పు పట్టిపోయింది. అదే వీధిలో దుకాణాల ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటాయి. హేతువాదిని కాబట్టి వాటిని చూసి నవ్వుకుంటాను. కానీ ఎవరూ తెరవని పెట్టె పిల్లల్ని కాపాడుతుందనుకోవడం కూడా అలాంటి నమ్మకమే కదా?

ఏర్పాట్లకి మన దేశంలో కొదవ లేదు. పిల్లల కోసం 1098 ఉంది. పోక్సో ఈ-బాక్స్ 2016లో వచ్చింది. ర్యాగింగు ఫిర్యాదులకి యూజీసీ ఫోను నంబరు 2009 నుంచే ఉంది. అయినా 2023 ఆగస్టులో జాదవ్‌పూర్ యూనివర్సిటీ హాస్టలు పైనుంచి పడి 17 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. ర్యాగింగు చేశారన్న ఆరోపణ మీద పోలీసులు విద్యార్థుల్ని అరెస్టు చేశారు. నంబరు ఉండటం వేరు, పిల్లవాడు దాన్ని నమ్మి ఫోను చెయ్యడం వేరు.

ఏడాది తిరిగేసరికి ఇన్ని ఫిర్యాదులొచ్చాయి, ఇన్ని పరిష్కరించాం అని ప్రభుత్వ నివేదికలు లెక్క చెబుతాయి. ఫిర్యాదులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టా, పిల్లలకి ధైర్యం పెరిగినట్టా? ఒక్కటీ రాకపోతే బడి భద్రంగా ఉన్నట్టా, పిల్లలు భయపడి నోరు మూసుకున్నట్టా? ఉత్త అంకె ఏ సంగతీ తేల్చదు. 'పరిష్కరించాం' అంటే విచారించారనా, ఫైలు మూసేశారనా?

అమెరికాలో కొలంబైన్ స్కూలు కాల్పులు జరిగింది 1999లో. ఆ తర్వాత కొలరాడో రాష్ట్రంలో సేఫ్‌టుటెల్ వచ్చింది. పిల్లలు తమ పేరు చెప్పకుండానే ప్రమాదం గురించి కబురు చెయ్యొచ్చు. ఏ రకం కబుర్లు ఎన్ని వచ్చాయో, వాటిలో అబద్ధాలెన్నో కూడా అక్కడి వార్షిక నివేదికలో ఇస్తున్నారు. లెక్కని పరీక్షించి చెప్పడమంటే అదీ.

మన చట్టం కూడా తక్కువేం అడగలేదు. బాలల హక్కుల కమిషన్ల చట్టం (2005) 23వ సెక్షను ప్రకారం రాష్ట్ర కమిషన్ ఏటా నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు పెట్టాలి. సిఫార్సుల మీద ఏం చేసిందో, కాదంటే ఎందుకు కాదందో చెప్పాలి. పోక్సో అమలు మీద తను చేసిన పని కూడా కమిషన్ అందులో రాయాలి.

కాబట్టి ఎన్ని వచ్చాయని కాదు, వచ్చినవి ఏమయ్యాయని అడుగుదాం. బాబాల మహిమలకి రుజువు అడిగే మనం, పిల్లల ప్రాణాల దగ్గర ఉత్త అంకెతో ఎందుకు సరిపెట్టుకోవాలి?