గింజ చేతులు మారాలి

మేడ మీద మళ్లీ కూరపాదులు పెట్టేవాళ్లను చూస్తే నాకు సంతోషం. కానీ ఏటా మృగశిరకు హైబ్రిడ్ ప్యాకెట్లే కొంటుంటే ఆ తోట సగమే మనది. హైబ్రిడ్ కాయ గింజ తల్లిమొక్క గుణాలను నిలబెట్టదు, మరుసటేడు మళ్లీ కొట్టుకే వెళ్లాలి. నాటు చిక్కుడు అలా కాదు. పాదుమీదే ఎండిన కాయలు ఒలిచి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాస్తే వచ్చే ఏడు మనకూ, అడిగినవాళ్లకూ సరిపోతాయి. అయితే ఇచ్చేవాళ్లకు ఒక బాధ్యత ఉంది. చిక్కుడు, టమాటా చాలావరకు సొంత పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి ధైర్యంగా ఇవ్వొచ్చు; బీర, సొర మాత్రం పురుగులు తెచ్చే పుప్పొడితో పక్క రకాలతో కలిసిపోతాయి. అందుకే పొట్లం మీద రకం, ఊరు, గింజ తీసిన నెల రాయాలి, పక్కన ఏ రకం కాసిందో కూడా చెప్పాలి. జహీరాబాద్ పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాలు దశాబ్దాలుగా చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను ఇలా చేతులు మార్చుకునే కాపాడుకున్నాయి. రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవడం, మార్చుకోవడం హక్కని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టమూ చెబుతోంది. ఈసారి పాదులో అన్నిటికన్నా మంచి కాయను కూరకు కోయకండి, విత్తనానికి వదిలేయండి.