ఇంటా బయటా: ‘మన’ ప్రభుత్వం ఏది?

పోయిన నెల ఈ శీర్షికలో వంటనూనెల సంగతి వ్రాస్తూ, 2025 మే నెలాఖరున ‘‘మన ప్రభుత్వం ముడి నూనె మీద సుంకం తగ్గించింది’’ అని ఒక మాట వేశాము. దాని మీద తెలుక్ ఇంతాన్ నుంచి ఒక పాఠకులు ఉత్తరం వ్రాశారు. ఆయనకు నాలుగెకరాల పామాయిల్ తోట ఉన్నది. ‘‘మన ప్రభుత్వం అన్నారు. ఏ ప్రభుత్వమండీ? పుత్రజయదా, ఢిల్లీదా? ఢిల్లీ సుంకం తగ్గిస్తే మా గెలలకు నాలుగు రింగిట్లు ఎక్కువ వస్తాయని ఆశ. ఏలూరు వైపు మా వియ్యంకుల గెలల ధర అదే దెబ్బతో పడిపోతుంది. మీరు ఎవరి పక్షాన సంతోషపడి వ్రాశారో మాకు తెలియలేదు’’ అని అడిగారు.

తప్పు మాదే. అలవాటు కొద్దీ పడిన మాట అది. మనలో చాలామంది తాత ముత్తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చినవారు. ఓటు ఇక్కడ, పెళ్లి సంబంధాలు కొన్ని అక్కడ. మామూలు రోజుల్లో ‘మన’ అన్న మాట ఎటు తిప్పి చదువుకున్నా ఇబ్బంది లేదు. రెండు ప్రభుత్వాలకు మాట పట్టింపు వచ్చినప్పుడే చిక్కు. అటువంటి పట్టింపు ఒకటి 2019లో వచ్చింది. అందుకని ఈ నెల శీర్షిక అంతా దానికే ఇస్తున్నాము.

ముందు చెట్టు సంగతి. ఇది ఈ నేల చెట్టు కాదు, మన నేల చెట్టూ కాదు. పశ్చిమ ఆఫ్రికాది. 1848లో జావాలోని బోగోర్ తోటకు నాలుగు మొక్కలు వచ్చాయి. మలయాలో వ్యాపారం కోసం మొదటిసారి నాటింది 1917లో, సెలాంగోర్‌లోని తెన్నమరం ఎస్టేటులో, ఆన్రీ ఫోకొన్నియే అనే ఫ్రెంచివాడు. (తెన్నమరం అంటే అరవంలో కొబ్బరిచెట్టు. కొబ్బరి పేరుగల తోటలో పామాయిల్ నాటారన్నమాట!) 1956లో ఫెల్డా వచ్చాక భూమి లేని వేలాది కుటుంబాలకు ఈ చెట్టే జీవనాధారమయింది.

ఈ చెట్టుకు ఒక గుణం ఉన్నది. పది పదిహేను రోజులకు ఒకసారి గెల కోయవలసిందే. కోసిన గెల ఇరవైనాలుగు గంటలలో మిల్లు చేరాలి. ఆలస్యమయితే పండులో ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. వరి అయితే గాదెలో పోసి ధర వచ్చే దాకా ఆగవచ్చును. గెలను ఆపలేము. ఐక్యరాజ్యసమితిలో ఎవరు ఏమి మాట్లాడినా, గెడకు కొడవలి కట్టుకుని ఆ రోజుకు ఆ రోజు కోయక తప్పదు.

2019 ఆగస్టు 5న భారత ప్రభుత్వం కాశ్మీరు ప్రత్యేక ప్రతిపత్తిని తొలగించింది. సెప్టెంబరు నెలాఖరున ఐక్యరాజ్యసమితి సభలో అప్పటి మన ప్రధాని మహాతీర్ (ఇక్కడ ‘మన’ అంటే మలేషియా అని చదువుకోవాలి) భారత్ కాశ్మీరును దురాక్రమించిందన్న అర్థంలో మాట్లాడారు. ఢిల్లీకి కోపం వచ్చింది. అక్టోబరు 21న ముంబయిలోని నూనె వ్యాపారుల సంఘం, అంటే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్టర్స్ అసోసియేషన్, తన సభ్యులను మలేషియా పామాయిల్ కొనడం మానుకోమన్నది. డిసెంబరులో మహాతీర్ భారత పౌరసత్వ చట్టాన్ని కూడా విమర్శించారు. 2020 జనవరి 8న ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వెలువడింది. శుద్ధిచేసిన పామాయిల్ దిగుమతి ఇంతవరకు ‘స్వేచ్ఛ’ జాబితాలో ఉన్నది, ఇక ‘నియంత్రిత’ జాబితాలో ఉంటుంది అని. అంటే లైసెన్సు లేకుండా తెప్పించుకోరాదు.

ఆ కాగితంలో మలేషియా పేరు లేదు, కాశ్మీరు పేరూ లేదు. ఇది ఏ ఒక్క దేశాన్నీ ఉద్దేశించినది కాదని ఢిల్లీ వారు అన్నారు. అక్షరాలా చూస్తే నిజమే. కాని ఇండొనీషియా భారత్‌కు ఎక్కువగా అమ్మేది ముడి నూనె. శుద్ధిచేసిన నూనె ఎక్కువగా వెళ్లేది మలేషియా నుంచి. పేరు వ్రాయనక్కరలేకుండానే దెబ్బ ఎవరికి తగలాలో వారికే తగిలింది. ఆ నోటిఫికేషన్ వ్రాసిన గుమాస్తా ఎవరో గాని చేయి తిరిగినవాడు.

2019లో మలేషియా పామాయిల్‌ను అందరికంటె ఎక్కువగా కొన్నది భారతే, సుమారు 44 లక్షల టన్నులు. అటువంటి ఖాతాదారు అంగడి మెట్లు దిగిపోతే ఏమవుతుంది? జనవరి మూడో వారంలో కౌలాలంపూర్ మార్కెటులో పామాయిల్ ధర ఒక్క వారంలో దాదాపు 10 శాతం పడిపోయింది. అదే నెలలో మహాతీర్ విలేకరులతో, ఎదురు చర్య తీసుకోవడానికి మనం చాలా చిన్నవాళ్లం, వేరే ఉపాయం చూసుకోవాలి అన్న భావంతో చెప్పారు. తాను అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఉపాయంగా ఇక్కడి ఎమ్.ఎస్.ఎమ్. అనే చక్కెర సంస్థ భారత్ నుంచి 1,30,000 టన్నుల ముడి చక్కెర కొనడానికి ముందుకు వచ్చింది.

ఆయన అన్నది ఒప్పా తప్పా అని మా సంఘం హాలులోనే రెండు జట్లుగా వాదించుకున్నారు. ‘‘న్యాయం అనుకున్నది చెప్పడానికి ప్రధానికి హక్కు లేదా మామయ్యా?’’ అని కుర్రవాళ్లు. ‘‘ఉన్నదిరా అబ్బాయ్, ఆ హక్కుకు కిరాయి కట్టేది మాత్రం గెలలు కోసేవాడు’’ అని పెద్దలు. మాకు ఇద్దరి మాటలోనూ నిజం కనబడింది. కాని ఒక సంగతి చెప్పక తప్పదు. వ్యాపారాన్ని కర్రగా వాడవచ్చునని మహాతీర్‌కు ఎవరూ నేర్పనక్కరలేదు. 1981 సెప్టెంబరు 7న మలేషియా సంస్థ లండన్ షేరు మార్కెటులో తెల్లవారే బేరం పెట్టి కొద్ది గంటలలో గత్రీ కంపెనీని చేజిక్కించుకున్నది. సుమారు 2 లక్షల ఎకరాల తోటలు! మనవాళ్లు ఎంతమంది ఆ కంపెనీ రబ్బరుతోటల్లో పాలు గీశారో లెక్కలేదు. తరువాత లండన్ వారు షేరు కొనుగోలు నిబంధనలు బిగించారు. విదేశీ విద్యార్థుల ఫీజులు అంతకు ముందే పెంచి ఉన్నారు. దానితో మహాతీర్, బ్రిటిషు సరుకు అన్నిటికంటె చివర కొనండి అని ప్రభుత్వ శాఖలకు ఆజ్ఞ ఇచ్చారు. 1983 దాకా అది నడిచింది. అప్పుడు మనం చప్పట్లు కొట్టాము. ఎందుకంటే కర్ర మన చేతిలో ఉన్నది.

ఇక అసలు చిక్కు. 2020 నాటి దెబ్బకు కోపం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. 2011 నుంచి అమలులో ఉన్న ఒప్పందం ప్రకారం మలేషియా నుంచి వచ్చే శుద్ధిచేసిన నూనెకు 2019 జనవరిలో భారత్ సుంకం 45 శాతానికి దించింది. ఇతరులకు 50. దానితో ఇక్కడి శుద్ధిచేసిన నూనె అక్కడ వెల్లువెత్తింది. అక్కడి శుద్ధి కర్మాగారాలు గోల పెట్టాయి. 2019 సెప్టెంబరు 4న మలేషియా నూనె మీద ఆ అయిదు శాతం మళ్లీ వేశారు. తేదీ చూడండి: ఐక్యరాజ్యసమితి ఉపన్యాసానికి మూడు వారాల ముందు! కర్మాగారాల వారు ఎప్పటినుంచో అడుగుతున్నది, రాజకీయం వచ్చి తలుపు తీసింది.

ఆ కర్మాగారాలు ఎక్కడున్నాయో తెలుసునా? కాకినాడలో చాలా ఉన్నాయి. ఒకప్పుడు మనవాళ్లను తోటలకు ఎక్కించిన రేవులలో అది ఒకటి. ముడి పామాయిల్ ఆ రేవున దిగి, అక్కడే శుద్ధి అయి, డబ్బాల్లో ప్యాకెట్లలో తెలుగు దేశమంతా వెళుతుంది. వారికి కావలసింది ముడి నూనె. శుద్ధి అయి వచ్చిన నూనె వారి పనివాళ్ల నోటి దగ్గర కూడు తీసేస్తుంది. కనుక జనవరి 8న కాకినాడలో కొందరు తెలుగువాళ్లు సంతోషించారు. అదే రోజు బాగాన్ దతో వైపు కొందరు తెలుగువాళ్లు తల పట్టుకున్నారు.

పెదవేగి వైపు వెళితే ఇంకో లెక్క. అక్కడ 1990ల నుంచి పామాయిల్ తోటలు పెరిగాయి, పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉన్నది. తెలంగాణలో అశ్వారావుపేట వైపు అంతే. 2021లో ఢిల్లీ ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో పథకం పెట్టి ఇంకా నాటమన్నది. కాని వారి గెల ధర ముడి నూనె ధరతో ముడిపడి ఉంటుంది. 2024 సెప్టెంబరులో సుంకం ఒక్కసారిగా 20 శాతం వేస్తే వారికి ఊపిరి వచ్చింది. 2025 మేలో దానిని 10కి దించితే వారి ముఖం వాడిపోయింది. హైదరాబాదులో పకోడీల బండివాడికి మాత్రం దించడమే మంచిది. నాటమన్నదీ ప్రభుత్వమే, ధర దించిందీ ప్రభుత్వమే. మన వియ్యంకులవారి కోపంలో న్యాయం లేదని మేము అనలేము.

2020 తగాదా ఎలా తీరిందంటారా? ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఫిబ్రవరి 24న మహాతీర్ రాజీనామా చేశారు. కొత్త ప్రభుత్వం వచ్చింది. మే నెలలో మలేషియా భారత్ నుంచి లక్ష టన్నుల బియ్యం కొనడానికి ఒప్పందాలు చేసుకున్నది, అక్కడి వ్యాపారులు మళ్లీ పామాయిల్ కొనసాగారు. 2021 జూన్ 30న శుద్ధిచేసిన నూనె తిరిగి స్వేచ్ఛ జాబితాలోకి వెళ్లింది. అప్పటికి నూనె ధర మండిపోతున్నది మరి. 2022 మార్చిలో టన్ను 7,000 రింగిట్లు దాటింది. ఏప్రిల్ 28న ఇండొనీషియా తన ఎగుమతులనే మూడు వారాలకు పైగా ఆపేసింది. అప్పుడు భారత్‌కు మలేషియా ఎంత ముద్దుగా కనబడిందో చెప్పనక్కరలేదు.

కర్ర మళ్లీ చేతులు మారింది బియ్యంతో. 2023 జూలై 20న భారత్ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది. సెప్టెంబరు 1న ఇక్కడ దిగుమతి బియ్యం టన్ను 2,350 నుంచి 3,200 రింగిట్లయింది. కిలో 2.60 రింగిట్లకు అమ్మవలసిన దేశవాళీ బియ్యం అంగళ్లలో కంటికి కనబడలేదు. అప్పుడు మన ఆడవాళ్లు సంచి పట్టుకుని ఎన్ని దుకాణాలు తిరిగారో మాకు తెలుసు. అక్టోబరులో ఢిల్లీ మలేషియాకు 1,70,000 టన్నులు ప్రత్యేకంగా అనుమతించింది. 2024 ఆగస్టులో అన్వర్ ఇబ్రహీం ఢిల్లీ వెళ్లినప్పుడు ఇంకో 2 లక్షల టన్నులు. తగాదా రోజుల్లోనే ఈ నిషేధం వచ్చి ఉంటే ఈ మినహాయింపు దొరికేదా? మేమయితే దొరికేది కాదనే అనుకుంటాము.

తెలుక్ ఇంతాన్ పాఠకుల ప్రశ్నకు తిరిగి వస్తాము. మీరు ఎవరి పక్షం అని అడిగారు. సుంకం ఎంత ఉండాలో తేల్చే విద్య మా దగ్గర లేదు. గెల ఆగదు కనుక, రెండు వైపులా గెలలు కోసేవాళ్లకు ఈ మార్పులు కనీసం ఒక పంటకాలం ముందు తెలియాలని మాత్రం మా కోరిక. రాత్రికి రాత్రి నోటిఫికేషన్ వస్తే ఓడలో ఉన్న సరుకు వ్యాపారి ఎలాగో సర్దుకుంటాడు, లారీలో ఉన్న గెల సర్దుకోలేదు.

ఇక మీదట ఈ శీర్షికలో ఏ ప్రభుత్వమో రాజధాని పేరు పెట్టి వ్రాస్తాము. పోయిన నెల సంచిక దగ్గర ఉన్నవారు, మూడవ పేజీలో ‘‘మన ప్రభుత్వం’’ అన్నచోట కలంతో కొట్టివేసి ‘‘ఢిల్లీ ప్రభుత్వం’’ అని దిద్దుకోవలసిందిగా మనవి.