కరెంటు ముందా, క్షేమం ముందా?

కొత్త వైద్య పరికరం వచ్చిందన్న వార్త కనబడితే చాలు, మనవాళ్ళు పదిమందికీ పంపిస్తారు. తప్పులేదు, మనలో చాలామందికి అన్నం పెడుతున్నది టెక్నాలజీయే. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే నాకూ ఆ సరదా ఉంది. ఐతే ఈమధ్య నలుగురు మిత్రులు నాకు పంపిన ఒక వార్త గురించి మాత్రం ఇక్కడ చర్చించాలనిపించింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని ఏళ్ళతరబడి వెంటాడే పీడకలల్ని, ఉలికిపాటుని, భయాన్ని డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. అమెరికాలో ప్రావిడెన్స్‌లోని వెటరన్స్ ఆసుపత్రి, బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు దీనికి రెండు పద్ధతుల్ని కలిపి ప్రయత్నించారు. మాజీ సైనికుడి కళ్ళకి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టి యుద్ధభూమిని చూపిస్తారు, వినిపిస్తారు. అదే సమయంలో తలమీద పెట్టిన ఎలక్ట్రోడ్ల ద్వారా 25 నిమిషాలపాటు 2 మిల్లీయాంపుల కరెంటు పంపిస్తారు. రెండు మూడు వారాల్లో ఇలా ఆరుసార్లు. మొత్తం 54 మంది పాల్గొంటే దాదాపు సగంమందికి అసలు కరెంటు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి కరెంటు ఇచ్చారు. నెల తర్వాత చూస్తే అసలు కరెంటు అందినవాళ్ళు తమ బాధ ఎక్కువ తగ్గిందని చెప్పారు. ఫలితాలు 2024లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చాయి.

మంచి వార్తే. కానీ ఒకే ఆసుపత్రి, కొద్దిమంది రోగులు. పైగా ఉత్తుత్తి కరెంటు అందినవాళ్ళకీ హెడ్‌సెట్ వల్ల కొంత మేలు జరిగింది. కాబట్టి పండగ చేసుకోవడానికి ఇంకా టైముంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది? మన నుదుటి వెనక ఉన్న మెదడు భాగం ఒకటి "ఇప్పుడు ప్రమాదం లేదు" అన్న పాఠం నేర్చుకోవడానికి తోడ్పడుతుంది. భయపెట్టే దృశ్యం మళ్ళీమళ్ళీ చూసినా ఏ హానీ జరక్కపోతే భయం మెల్లమెల్లగా నెమ్మదిస్తుంది. ఆ పాఠం బాగా ఒంటబట్టడానికి కరెంటు సాయం. అంటే ఈ వైద్యం మొత్తం ఒక నిజం మీద నిలబడి ఉంది: గది బయట ప్రమాదం లేదు, యుద్ధం అయిపోయింది. 1997లో అట్లాంటాలో వియత్నాం మాజీ సైనికుల కోసం చేసిన మొదటి ప్రయత్నంలోనైనా, తర్వాత సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ళు తయారుచేసిన "వర్చువల్ ఇరాక్"లోనైనా రోగి ఇంటికొచ్చిన సైనికుడే. అతను పోరాడిన నేల వేల మైళ్ళ అవతల ఉండిపోయింది.

మరి యుద్ధం గుమ్మంలోనే ఉన్న చోట? నాకు వెంటనే గుర్తొచ్చింది పబేడాన్, రంగూన్ నడిబొడ్డున ఉన్న పేట. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న కోరంగి వైపునుంచి రంగం వెళ్ళి, అక్కడి సూరతీ బజారులో మూటలు మోశాడు. ఆ రోజుల్లో మనవాళ్ళని అక్కడ "కోరంగీలు" అనేవారు. 1930 మే నెలలో హార్బరు పనికోసం బర్మావాళ్ళకీ తెలుగు కూలీలకీ మధ్య అల్లర్లు జరిగాయి. 1938 జులైలో జరిగిన గొడవల్లో జనం ఆ సూరతీ బజారు మీదికే వచ్చారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాత లక్షలమంది భారతీయులు ఇండియా దారిపట్టారు, వేలమంది దారిలోనే పోయారు. ఆయన నడిచొచ్చి బతికాడు. కానీ పిడుగు పడితే మంచం కిందికి దూరేవాడని అమ్మమ్మ చెప్పేది. ఆయనకి పీటీఎస్‌డీ అన్న పేరు తెలీదు, ఏ వైద్యమూ లేదు. కాకపోతే ఇల్లు చేరాక ఆయన మీద బాంబులు పడలేదు. అంతమాత్రమే ఆయనకి దక్కిన మందు.

ఇప్పుడక్కడున్నవాళ్ళకి ఆ మాత్రమూ లేదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. మార్చి 6 రాత్రి పబేడాన్‌లో ఎన్‌ఎల్‌డీ పార్టీ స్థానిక నాయకుడు ఖిన్ మౌంగ్ లాట్‌ని పట్టుకెళ్ళారు. మర్నాడు ఆయన చనిపోయాడని ఇంటివాళ్ళకి కబురొచ్చింది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనికసేవ చట్టాన్ని బయటికి తీశారు. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు దాని కిందికి వస్తారు. ఆ వీధుల కుర్రాళ్ళే రేపటి మాజీ సైనికులు. వాళ్ళలో ఒకడికి హెడ్‌సెట్ పెట్టి "ఇప్పుడు ప్రమాదం లేదు" అని మెదడుకి నేర్పితే అది వైద్యమా, అబద్ధమా? అర్ధరాత్రి తలుపు చప్పుడికి ఉలిక్కిపడటం అక్కడ జబ్బు కాదు, బతకడానికి కావలసిన జాగ్రత్త.

"ఆ సైన్యంలో పనిచేసినవాళ్ళ మీద జాలెందుకు?" అని కొందరంటారు. ఊళ్ళు తగలబెట్టినవాళ్ళు కోర్టులో జవాబు చెప్పాల్సిందే. భయానికి చేసే వైద్యం నేరాన్ని మాఫీ చెయ్యదు. కానీ బలవంతంగా తుపాకీ పట్టించిన ఇరవై ఏళ్ళ కుర్రాడు, అది పారేసి సరిహద్దు దాటినవాడు కూడా మనుషులే కదా.

సరిగ్గా ఈ పరిస్థితిలో, 2025 నవంబరులో, అమెరికా ప్రభుత్వం బర్మావాళ్ళకిచ్చిన టీపీఎస్ రక్షణని రద్దుచేస్తున్నట్టు ప్రకటించింది. పరిస్థితి మెరుగుపడింది, తిరిగి వెళ్ళొచ్చు అన్నది దాని వాదన. ఒకవైపు అదే దేశంలో ప్రభుత్వ ఆసుపత్రి క్షేమంగా ఉన్నామన్న నమ్మకాన్ని మెదడుకి నేర్పడానికి ఏళ్ళు వెచ్చిస్తుంది. మరోవైపు క్షేమం దొరికినవాళ్ళని ప్రభుత్వం వెనక్కి పొమ్మంటుంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

మనం చెయ్యగలిగింది ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ళు తమ కాంగ్రెస్ సభ్యుడికి టీపీఎస్ గురించి ఉత్తరం రాయండి. విరాళం ఇవ్వదలిస్తే హెడ్‌సెట్లకి కాదు, థాయ్‌లాండ్ సరిహద్దులో మే సోట్ దగ్గర 1989 నుంచీ శరణార్థులకి వైద్యం చేస్తున్న మే తావ్ క్లినిక్ లాంటి చోట్లకి ఇవ్వండి. సరిహద్దు దాటినవాడికి ముందు కావలసింది భయపడకుండా పడుకోగలిగే చోటు.

ఇక ఇంటి సంగతి. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. శ్రీకాకుళం నుంచీ ఎంతోమంది సైన్యంలో చేరుతున్నారు. వాళ్ళు చూసిన యుద్ధం ఇరాక్ కాదు, జాఫ్నా, కార్గిల్, కాశ్మీరు. ఆ దృశ్యాలు ఎవరు తయారుచేస్తారు? మనలో గేములు రాసేవాళ్ళున్నారు, సైకియాట్రిస్టులున్నారు. వాళ్ళు ఇంటికి చేరుకున్నారు కాబట్టి ఈ వైద్యం వాళ్ళకి పనికిరావచ్చు. ఈసారి ఊరెళ్ళినప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక్క ప్రశ్న అడగండి: మాజీ సైనికుడి మనసులో మాట తెలుగులో వినే కౌన్సెలర్ ఉన్నాడా? లేకపోతే పని అక్కణ్ణించే మొదలుపెడదాం.