బస్సు ఛార్జీ కూడా మందే!

“రక్తం ఊరికే ఎక్కిస్తున్నారుగా, ఇంకా డబ్బులెందుకటా?” అంటారు మన పెద్దమనుషులు. నిజమే, తలసేమియా పిల్లలకి రక్తం ఉచితమే. కానీ తీవ్రమైన జబ్బయితే రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏళ్ళ తరబడి ఎక్కించాలి. ప్రతిసారీ బస్సు ఛార్జీ, పట్నంలో తిండి, ఆ రోజు పోయిన కూలి! ఇవి ఏ మందుల చీటీలో ఉంటాయి చెప్పండి? 2016 నాటి చట్టం తలసేమియాని వైకల్యాల జాబితాలో చేర్చింది. మన క్లబ్బులు మాత్రం ఒక్కసారి ఐదొందలిచ్చి, బిడ్డని వేదికెక్కించి ఫొటో తీయిస్తాయి. ఇచ్చేది చారెడు, చాటుకునేది బారెడు! కొంచెమే ఇవ్వండి, కానీ నెలనెలా ఇవ్వండి, గుట్టుగా ఇవ్వండి. రక్తమిచ్చినవాడు పేరడగడు, రూపాయిచ్చిన మనకెందుకమ్మా ఈ దండలు?