ఆవిడకి మాత్రం చెప్పకండి

పెద్ద జబ్బని రిపోర్టు వస్తే మన ఇళ్లలో మొదట వినబడే మాట ఇదే. దీన్ని మనం ప్రేమ అంటాం. నేను పెత్తనం అంటాను.

అబద్ధాలన్నీ తప్పని నేననను. హంతకుడు తలుపు కొట్టి, నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధమాడకూడదని 1797లో కాంట్ ఒక వ్యాసం రాశాడు. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపడం చూశాక ఆ పాఠం మనకెవరు చెప్పగలరు? కులం దాటి పెళ్లి చేసుకున్న జంట మీ ఇంట్లో దాక్కుంటే, వెతుక్కుంటూ వచ్చినవాడికి "ఇటు రాలేదు" అనే చెప్పాలి. ఆ నిజం మీద వాడికే హక్కూ లేదు.

కానీ మనం మెచ్చుకునే దయగల అబద్ధాలు ఇలాంటివి కావు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బొంకవచ్చని చెప్పిన సందర్భాల జాబితా మొదలయ్యేదే ఆడవాళ్లతో. ఆ తర్వాత పెళ్లిళ్లు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు సరే, ఆ వెయ్యీ నమ్మి కాపురానికి వెళ్లేదెవరు?

పెదకాకానిలో మా పెద్దమ్మకి కాన్సరని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప. దూరాన ఉన్న నాకు తెలిసింది ఆవిడ పోయాకే. గ్యాస్ ట్రబుల్ అన్నారట. నమ్మింది. నమ్మింది కాబట్టే ఉగాది వెళ్లగానే మిరప వెయ్యడానికి ఎకరన్నర కౌలుకి తీసుకుని, వడ్డీకి తెచ్చి మరీ డబ్బు ముందే కట్టింది. వద్దనాలంటే కారణం చెప్పాలి కదా, ఎవరూ నోరెత్తలేదు. ఆషాఢంలో నారు పోసేనాటికి ఆవిడ లేదు. తెలిసుంటే, మాటలాగిపోయిన చెల్లెలికి కబురు పెట్టేదేమో. గాజులు ఎవరికివ్వాలో చెప్పేదేమో. కుమిలి కుమిలి ఏడ్చేదేమో. ఏడవడం కూడా ఆవిడ హక్కే.

మెడికల్ కౌన్సిల్ 2002 నియమాలు జబ్బు తీవ్రతని పెంచీ తగ్గించీ చెప్పొద్దన్నాయి. ఆ వెంటనే, రోగికి, బంధువులకి లేదా బాధ్యతగల స్నేహితులకి సంగతి తెలిసేలా చూడమన్నాయి. ఆ 'లేదా' చాలు మనకి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న ఆమె తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదంది. సంతకం మనిషిదే కావాలి, నిజం మాత్రం చుట్టాలకి చెబితే సరిపోతుందా?

తెలిస్తే బెంగతోనే పోతారంటారు. వినడం ఇష్టంలేని వాళ్లూ ఉంటారు, కాదనను. అది తెలుసుకునే దారి ఒక్కటే: వాళ్లనే అడగడం. "రిపోర్టులొచ్చాయమ్మా, వివరాలు మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?" అర నిమిషం పని. నాకొద్దు అంటే ఆ మౌనం ఆవిడ ఎంచుకున్నది. ఇక అబద్ధంతో పనే లేదు.

బొంకమని సలహా ఇచ్చిన శుక్రాచార్యుడు కూడా బలి దగ్గర ఏదీ దాచలేదు. వచ్చినవాడు విష్ణువని, సర్వం పోతుందని చెప్పాడు. అన్నీ తెలిసే బలి తన నిర్ణయం తాను తీసుకున్నాడు. మన ఇంట్లో మంచం మీదున్న మనిషికీ ఆ మర్యాదే కావాలంటున్నాను.