బోరు ఎండితే కూలీ చేతకానివాడా?

పండుగ లేదు, తేరు లేదు. అయినా బెంగుళూరు బస్సు దిగి ఇంటికొచ్చి నెలల తరబడి ఉండిపోతున్న యువకులు మన కదిరి, ముదిగుబ్బ, హిందూపురం వైపు పల్లెల్లో అక్కడక్కడ కనిపిస్తున్నారు. అడిగితే "ఇంటి నుంచే పని" అంటారు. కొందరి విషయంలో అది నిజం. మరికొందరికి పనీ లేదు, జీతమూ లేదు. ఆ సంగతి తండ్రికి చెప్పడానికి నోరు రాక, గది తలుపు వేసుకుని కంప్యూటరు ముందు ఊరకే కూర్చుంటున్నారు.

వీరిలో చాలామంది పనిచేసి వచ్చినవి స్టార్టప్ కంపెనీలు. ఈ మాట ఇప్పుడు రచ్చకట్ట మీద కూడా వినబడుతోంది గాని, దాని లోగుట్టు తెలిసినవారు తక్కువ. మన జిల్లా రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే, స్టార్టప్ అనేది ఇతరుల డబ్బుతో వేసే బోరు. ఒకరికి ఆలోచన ఉంటుంది. డబ్బున్నవారు దాని మీద పెట్టుబడి పెడతారు. లాభం వచ్చేదాకా జీతాలన్నీ ఆ పెట్టుబడి లోంచే ఇస్తారు. నీరు పడితే డబ్బు పెట్టినవాడికి పదింతలు. పడకపోతే రిగ్గు ఇంకో పొలానికి పోతుంది. వెయ్యి అడుగులు దింపినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు మనకు కొత్త కాదు. అయితే రిగ్గు దగ్గర రాడ్లు మోసిన కూలీని పట్టుకుని "నీ చేతకానితనం వల్లే నీరు పడలేదు" అని ఇంతవరకు ఎవరూ అనలేదు. స్టార్టప్‌లలో మాత్రం సరిగ్గా ఆ మాటే అంటున్నారు.

పేరున్న కంపెనీ సంగతే చూడండి. పిల్లలకు ఫోనులో పాఠాలు చెప్పే బైజూస్ 2011లో బెంగుళూరులో పుట్టింది. మన క్రికెట్ జట్టు చొక్కాల మీద కొన్నేళ్లు దాని పేరే ఉండేది. 2022లో దాని విలువ 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అదే ఏడాది అక్టోబరులో 2,500 మందిని తీసివేస్తామని ప్రకటించింది. 2024 ఫిబ్రవరి జీతాలు సకాలంలో ఇవ్వలేకపోయింది. ఆ ఏడాది జూలైలో, చొక్కా మీద పేరు వేయించుకున్నందుకు క్రికెట్ బోర్డుకు కట్టవలసిన 158 కోట్ల రూపాయల బకాయి కేసులో దివాలా ప్రక్రియ మొదలైంది. కోట్లకు కోట్లు లెక్క తప్పినవారు పెద్దలు. ఫోన్లు చేసి కోర్సులు అమ్మిన కుర్రాడికి అందులో ఏం పాత్ర ఉంది?

అయినా నింద వాడి మీదికే వస్తుంది. డబ్బు అయిపోయిందని కంపెనీ ఒప్పుకోదు. ఒప్పుకుంటే కొత్త పెట్టుబడి రాదు. అందువల్ల ముందు టార్గెట్టు పెంచుతారు. రోజుకు ఎన్ని ఫోన్లు చేశావు, ఎన్ని నిమిషాలు మాట్లాడావు అని లెక్క కడతారు. అందరి అంకెలూ వాట్సాప్ గుంపులో పెట్టి, వెనుకబడినవారి పేర్లు అందరికీ కనబడేలా చేస్తారు. రాత్రి పదకొండుకు మేనేజరు ఫోను, ఆదివారం మీటింగు. పక్క సీటువాడు ఒకరోజు రాడు, ఎందుకని ఎవరూ అడగరు. చివరికి వీడి వంతు వస్తుంది. "నీ పనితీరు బాగాలేదు, నువ్వే రాజీనామా రాసిస్తే మర్యాదగా ఉంటుంది" అంటారు. పదిహేను నిమిషాల్లో సంతకం అయిపోతుంది. అచ్చయిన వార్తకే డబ్బు అందుకునే పల్లె విలేకరులకు ఉద్యోగ భద్రత లేకపోవడం కొత్త కాదు గాని, రోజూ నువ్వు పనికిరావని చెప్పే మనిషి మా నెత్తిన లేడు.

ఆ కుర్రాడు ఇంటికి తెచ్చుకునేది ఈ మాటనే. ఇంజనీరింగు చదివినవాడు, మండలంలో మొదటి మార్కు తెచ్చుకున్నవాడు కూడా ఆరు నెలల్లో తనకేమీ రాదని నమ్మేస్తున్నాడు. ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకు పిలిస్తే నోరు పెగలడం లేదు. కొందరు పిలుపు వచ్చినా పోవడం లేదు.

మిగిలిన పని మనం పూర్తి చేస్తున్నాం. "ఏం నాయనా, ఎప్పుడొచ్చినావు? ఇంకా పోలేదా?" అని బస్టాండులో ఒకరు, హోటల్లో ఒకరు. ప్యాకేజీ ఎంతని సంబంధాలవారు. మా వాడు పోయిన నెలే అమెరికా పోయినాడని పక్కింటివారు. ఆ జీతం నమ్ముకుని ఇంటి మీద అప్పు తెచ్చిన తండ్రి ఏమీ అనకపోయినా ఆ ముఖం చూడలేక పిల్లవాడు నలుగుతున్నాడు. ఆడపిల్లకు ఇంకా కష్టం. ఉద్యోగం పోయిందని తెలిసిన వారానికే పెళ్లిచూపులు మొదలుపెడుతున్నారు. అబ్బాయికి ఇంకో అవకాశం ఉన్నట్టు, అమ్మాయికి లేనట్టు! ఇదేమి లెక్కో పెద్దలే చెప్పాలి.

దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మనదొకటి. వేరుశనగ ఎండిపోయిన ఏడాది రైతును చూసి ఎవరూ నవ్వరు. కరువు మండలమని ప్రభుత్వమే జాబితా రాస్తుంది. ఉద్యోగం ఎండిపోయినవాడికి అలాంటి జాబితా లేదు.

చట్టం ఏమీ లేదని కూడా అనుకోవద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. తీసివేసినా, మానేసినా రెండు పనిదినాల్లో జీతం బకాయి చెల్లించాలి. ఏడాది నిండిన కార్మికుణ్ణి తగ్గింపు పేరుతో పంపితే నెల నోటీసు గాని నెల జీతం గాని ఇవ్వాలి. దానితోపాటు పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాలి. పేరుకు ఎగ్జిక్యూటివ్ అని పెట్టినా, చేసే పని ఏమిటన్నదే చూస్తారు. కాకపోతే మన పిల్లలు చాలామంది ఏడాది నిండకుండానే బయట పడుతున్నారు. వారికి ఈ పరిహారం అందదు. ఇది చట్టంలో పెద్ద లోటు, మన ప్రజాప్రతినిధులు పట్టించుకోవలసిన విషయం. రాజీనామా రాసి ఇచ్చినవారి సంగతి ఇంకా చిక్కు. తానే మానేశాడని కంపెనీ కాగితం చూపిస్తుంది. అందుచేత ఇంటికి ఫోను చేసి మాట్లాడకుండా సంతకం పెట్టవద్దని బస్సెక్కేముందే పిల్లలకు చెప్పాలి. నియామక పత్రం, జీతం చీటీలు, మెయిళ్ల నకళ్లు సొంత ఫోనులో దాచుకోవాలి. పి.ఎఫ్. నెలనెలా జమ అవుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. జీతం ఆలస్యం కావడానికి ముందు పి.ఎఫ్. ఆగిందంటే ఇంకో ఉద్యోగం వెదుక్కోవలసిన వేళ అయిందన్నమాట.

కలిసి నిలబడితే కొంత జరుగుతుంది. 2022 అక్టోబరులో బైజూస్ తిరువనంతపురం ఆఫీసు ఉద్యోగులు, సుమారు 140 మంది ఉన్న చోట, బలవంతపు రాజీనామాల మీద కేరళ కార్మిక మంత్రికి ఫిర్యాదు చేశారు. కంపెనీ యజమాని ముఖ్యమంత్రిని కలిసిన తర్వాత ఆ ఆఫీసు మూసివేత ఆగిపోయింది. బెంగుళూరులో పనిచేసే మన పిల్లలకు బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో కార్మిక శాఖ కార్యాలయం ఉంది. అక్కడికి ఒంటరిగా కాక, తీసివేసిన నలుగురూ కలిసి పోవడం మేలు.

ఇంట్లో ముడుచుకుని, నిద్ర పట్టక, అన్నం సయించక, బతుకు మీద విసుగుతో మాట్లాడే పిల్లలను మాత్రం ఒంటరిగా వదలవద్దు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. నెంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. పిల్లవాడు చేయనంటే తల్లిదండ్రులే చేసి ఏం చేయాలో అడగవచ్చు.